కుంకుమకు పెట్టిన మొదటి ముద్ద

చిత్తూరు,
జూన్ 8

రెబెకాకు పంకజాక్షి రాసేది.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్ చేయలేదని కోప్పడకు. చెవి మిషన్ పెట్టుకుంటే ఈల వినబడుతుంది గానీ మనిషి మాట వినబడదు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను. ఫోన్‌కు పెదాలు లేవు కదా. బడి హాస్టల్లో ఉన్నప్పుడు సెలవుల్లో ఉత్తరాలు రాసుకునేవాళ్లం, ఇప్పుడూ అలాగే రాసుకుందాం.

ఈ ఉత్తరం మా కుంకుమ గురించి. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాక మద్రాసు స్నేహితుడొకడు ఇల్లు మారుతూ ఇచ్చిపోయిన ఆఫ్రికా చిలుక. మన పచ్చ చిలుకల్లా ఇంట్లో పెంచకూడనిది కాదు, కాగితాలన్నీ ఉన్నాయి. ఒళ్లంతా బూడిదరంగు, తోక మాత్రం ఎర్రన. ఆ తోక చూసే ఆయన కుంకుమ అని పేరు పెట్టారు. చక్కగా మాట్లాడుతుందట. ఆయన చెబితే తెలుసుకోవడమే, నాకు వినబడదు.

అది ఇప్పుడు బాగాలేదు. రొమ్ము మీద ఈకలు తానే పీక్కుంటోంది. ముక్కు మీద పొక్కులు. ఎండలో కూడా ఒళ్లు ఉబ్బించుకుని కళ్లు మూసుకుని కూర్చుంటుంది. మేము పెట్టేది పొద్దుతిరుగుడు గింజలు, చెనక్కాయలు. అవి కాక ఆయన కంచంలోది. ఏ పూట అన్నం తిన్నా మొదటి ముద్ద దానికే. అది తిని ముక్కు తుడుచుకునేదాకా ఆయన కంచం ముట్టరు. ఇంత ప్రేమ నా మీద ఎప్పుడూ చూపించలేదని నవ్వుకుంటాను.

మీ చెల్లెలి కూతురు రూతు పశువైద్యం చదువుతోంది కదా, ఒకసారి అడుగు. అది చచ్చిపోతుందేమోనని భయంగా ఉంది. అది పోతే ఆయన ఏమైపోతారోనని అంతకన్నా భయం. ఈమధ్య ఆయన కూడా కొంచెం... అది ఇంకోసారి రాస్తాను.

నీ
పంకజ

చంద్రగిరి,
జూన్ 15

పంకజా,

నీ ఉత్తరం రూతు చేతికిచ్చి చదివించాను. చదివి నవ్వింది. "పెద్దమ్మా, ఈ చిలక జబ్బు సగం దాని గిన్నెలోనే ఉండాది" అంది. పొద్దుతిరుగుడు గింజలు దానికి పెట్టడమంటే మనం మూడు పూటలా బజ్జీలు తిన్నట్టేనట. కొవ్వంతా కాలేయానికి పడుతుంది. ఎ విటమిన్ లేక ముక్కూ నోరూ పొక్కిపోతాయి.

అలాగని గింజలు ఒక్కసారిగా మానిపించకు. అది కొత్త తిండిని తిండి అని గుర్తుపట్టదు, ఎదురుగా పెట్టుకుని కూడా ఆకలితో చచ్చిపోతుంది. గింజలు రోజురోజుకూ తగ్గిస్తూ, చిలుకల కోసం అమ్మే పెల్లెట్ దాణా పెంచుతూ రా. పొద్దున బాగా ఆకలి మీద ఉన్నప్పుడు ఉడికించిన గెనుసుగడ్డ, గుమ్మడి, క్యారెట్ తురుము, మునగాకు, కొత్తిమీర పెట్టు. మధ్యాహ్నం ఉప్పు వేయని కొర్రన్నమో మొలకెత్తిన పెసలో. పండు కొద్దిగా చాలు. బొప్పాయి, జామ మంచివి. ఆపిల్ పెడితే గింజలు తీసెయ్యి. సున్నం కోసం పంజరంలో కటిల్ బోన్, ఆ తెల్లటి సముద్రజీవి ఎముక, వేలాడదియ్యి, పక్షుల అంగట్లో దొరుకుతుంది. లేత ఎండ తగలనివ్వు. వారానికోసారి వంటింటి త్రాసులో తూకం చూడు, తగ్గితే వెంటనే రాయి.

కాఫీ, చాక్లెట్, ఎర్రగడ్డ, బటర్ ఫ్రూట్ మాత్రం దాని దగ్గరికి రానివ్వకు. అన్నిటికన్నా ముఖ్యం, మీ కంచంలోది ఒక్క మెతుకు కూడా వద్దు. ఆ ఉప్పూ నూనే దాని ఒళ్లు తట్టుకోదు. ఆ మొదటి ముద్ద ప్రేమ ఇక నీకు చూపించమన్నానని అన్నకు చెప్పు.

అన్న గురించి ఏదో రాయబోయి ఆపేశావు. ఏమిటది?

నీ
రెబెకా

చిత్తూరు,
జూలై 21

రెబెకా,

రూతు చెప్పినట్టే చేస్తున్నాను. తొలిరోజు కుంకుమ గెనుసుగడ్డ ముక్కను ఒంటికాలితో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి గోడమీది క్యాలెండరు మీదికి విసిరింది. గుమ్మడి తురుమంతా నా రవిక మీద. క్యారెట్ తినడం నేర్పాలని దాని ఎదుట కూర్చుని నేనే కరకర నమిలాను. అది నన్ను జాలిగా చూసింది. చివరికి మునగాకు రెమ్మను పంజరం పైకప్పుకు కట్టి వేలాడదీస్తే, ఆడుకుంటూ ఆడుకుంటూ సగం తినేసింది. ఆ తర్వాత బొప్పాయి, ఆ తర్వాత పెసలు. ముక్కు మీద పొక్కు తగ్గింది. రొమ్ము మీద చిన్న చిన్న ఈకలు మొలిచాయి. నా సంతోషం చెప్పలేను.

అంతలో ఇది. మొన్న శుక్రవారం మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వచ్చేసరికి కుంకుమ పంజరం అడుగున పడి ఉంది. ఒళ్లంతా వణుకుతోంది. మెడ నిలపలేకపోతోంది. చేతుల్లోకి తీసుకుంటే దాని గుండె దడదడ నా వేళ్లకు తగిలింది. ఏమీ తోచక బెల్లం నీళ్లు ముక్కు పక్కన రాశాను. కాసేపటికి కళ్లు తెరిచింది. నిన్న మళ్లీ అదే. రెండుసార్లూ మధ్యాహ్నం భోజనాల తర్వాతే.

గిన్నెలో చూస్తే అన్నం మెతుకులు, కూర ముక్కలు. "కంచంలోది పెట్టద్దని చెప్పినాను కదా" అన్నాను. ఆయన లేచి నా మొహం మీదికి వచ్చారు. "నా చిలక, నా బువ్వ. నువ్వెవురు మే నాకు సెప్పేదానికి?" అన్నారు. పెళ్లయినప్పటినుంచి ఆయన నా మీద గొంతు పెంచలేదు. ఆ కళ్లు నేనెరిగిన కళ్లు కావు.

ఆ రోజు రాయబోయి ఆపేసింది ఇదే. పాల అంగడికని వెళ్లి దారి మరిచిపోయారు, ఎవరో తీసుకొచ్చి దిగబెట్టారు. కుండలో నీళ్లు పారబోసి కొళాయి నీళ్లు పట్టుకుంటారు. నేను వండింది సగం తిని వదిలేస్తారు. పొద్దున హోటలు నుంచి ఇడ్లీ తెచ్చుకుంటారు. వయసు మీద పడితే మనిషి మారతాడు, అంతే కదా? అంతేనని రాయి.

పంకజ

చంద్రగిరి,
జూలై 30

పంకజాక్షికి,

ఉత్తరం అందింది. కొన్ని సంగతులు అడుగుతున్నాను, అడిగినదానికి జవాబు రాయి.

తిరుమలయ్య గారికి మధ్యాహ్నం ఏమి వడ్డిస్తావు? ఆ కూరలో ఏమేమి వేస్తావు? పసరు మందులు, పొడులు ఏమైనా వాడుతున్నావా? నువ్వూ అదే కూర తింటున్నావా, నీకు వేరే ఉందా?

చిలుకను ఇక అక్కడ ఉంచవద్దు. శనివారం రూతు వస్తుంది, పంజరంతో సహా పంపించు. దాని గిన్నె కడగకుండా ఉన్నదున్నట్టు సంచిలో పెట్టి ఇవ్వు.

రెబెకా

చిత్తూరు,
ఆగస్టు 3

రెబెకా,

ఈ ఉత్తరం రూతు చేతికే ఇస్తున్నాను.

ఇన్నేళ్లలో నువ్వు నన్ను పంకజాక్షి అని పూర్తి పేరుతో పిలవలేదు. నీ నోట అన్న అనే మనిషి తిరుమలయ్య గారు అయిపోయారు. నేనేమి చేశాను? నర్సుగా ఉన్నప్పుడు పోలీసు కేసుల్లో వచ్చిన వాళ్లను ఇలాగే అడిగేదానివేమో. నీ ఉత్తరం మూడు మడతలు పెట్టి బియ్యం డబ్బాలో దాచాను. ఎందుకు దాచానో నాకే తెలియదు.

నా కూరలో ఏముంటుంది? ఉప్పు, పులుపు, కారం, తిరగమాత. ఇంకేమీ లేదు. నేనూ అదే కూర తింటాను.

గిన్నె కడగలేదు, సంచిలో పెట్టాను. పంజరంలో మునగాకు ఉంది, దారిలో తింటుంది. పెసలు తడిగుడ్డలో కట్టి ఇచ్చాను. ఇప్పుడిప్పుడే కూరలకు అలవాటు పడింది, మళ్లీ గింజలకు మరిగించకండి.

రూతు పంజరం ఎత్తగానే ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "అది ల్యాకుంటే నేను బువ్వ ఎట్ల తినేది?" అన్నారు. ఆ మాట ఆయన పెదాల మీద స్పష్టంగా చదివాను. నాకు ఏడుపొచ్చింది. పాపం, దాని మీద ఎంత ప్రేమ!

పంకజాక్షి

చంద్రగిరి,
ఆగస్టు 11

పంకజా,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. చదివాక ఆయనకు దొరకనివ్వకు.

నువ్వు ముందు తెలుసుకోవలసింది, కుంకుమ బతికే ఉంది. తిరుపతి పశువుల ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. కాలేయం వాచి ఉంది, అది పాత గింజల పుణ్యం, నయమవుతుందన్నారు. వణుకు మాత్రం దానివల్ల కాదన్నారు. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా వణకలేదు. డాక్టరమ్మ రూతును పక్కకు పిలిచి అడిగిందట. "ఆ ఇంట్లో ఎవురైనా షుగర్ మాత్రలు వాడతారా? ఇది పడిపోయిన తీరు వింటే అట్లనే ఉండాది" అని.

ఇక నేను నీకు చెప్పకుండా దాచింది. జూలైలో నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఆయన నాకు ఫోన్ చేశారు. "అమ్మా రెబెకా, నా పెండ్లామే నాకు మందు పెడతా ఉండాది. కండ్లారా సూసినాను. నేను సస్తే పోలీసోళ్లకు నువ్వే సెప్పాల" అన్నారు. ముసలి మనిషి భ్రమ అని కొట్టిపారేసేదాన్నే. కానీ ఆయన అన్నం తిన్న చిలుక పడిపోయిందని అప్పుడే నీ చేత్తో నువ్వే రాశావు. నాకు భయం వేసింది పంకజా. ఆయన గురించి కాదు. నీకే భయపడ్డాను.

నిన్న మధ్యాహ్నం నేను అన్నం పెట్టుకుని కూర్చున్నాను. కంచం చప్పుడు విని కుంకుమ మాట్లాడింది. అచ్చం ఆయన గొంతు. ఆయన ఇంట్లోకి వచ్చారనుకుని లేచి నిలబడ్డాను. "ముందు నువ్వు తిను కుంకుమా. నీకేమీ కాకుంటే నేను తింటా. దాన్ని నమ్మేదానికి ల్యా" అంది. మళ్లీ అదే. మళ్లీ అదే. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నీకు వెన్ను తిప్పి, నీకు వినబడదని తెలిసి, ఆయన రోజూ దానితో అంటున్న మాట ఇది. నువ్వు ప్రేమ అనుకున్నావు. అది కాదు. ఆ చిలుక చావకపోతేనే ఆయన నీ చేతి అన్నం తింటున్నారు.

నువ్వు ఉప్పు, పులుపు, కారం అని రాశావు. మళ్లీ అడుగుతున్నాను. ఏం కలుపుతున్నావు? నిజం రాయి. ఏది రాసినా నేను నీ రెబెకానే.

చిత్తూరు,
ఆగస్టు 14

రెబెకా,

నేనే. కలిపింది నేనే. కానీ నువ్వు భయపడినట్టు కాదు.

చలికాలంలో ఆయన షుగర్ మాత్రలు మింగడం మానేశారు. నోట్లో వేసుకుని నేను అటు తిరగగానే కిటికీలోంచి ఉమ్మేసేవారు. కాలివేలికి పుండు లేచింది. ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు అన్నాడు. బతిమాలాను, ఒట్టు పెట్టించాను, రూపశ్రీని నాయుడుపేట నుంచి పిలిపించి చెప్పించాను. కన్నకూతురి మాట కూడా వినలేదు. అప్పుడు మాత్రను అప్పడాల కర్రతో నూరి ఆయన కంచంలోని కూరలో కలపడం మొదలుపెట్టాను. పుండు మానింది. ఇంకెలా ఆపేది, చెప్పు? జూలైలో డాక్టరు మాత్ర పవరు పెంచాడు. అదీ నూరాను. ఆయన అన్నం సగంలో వదిలేస్తున్నారు కదా, మాత్ర ముందే లోపలికి పోవాలని ఆయన మొదట కలుపుకునే చోటే పెట్టేదాన్ని.

మొదటి ముద్దలో, రెబెకా. ఆ ముద్ద ఎవరికి పోతుందో రోజూ చూస్తూ కూడా నాకు తట్టలేదు. పొద్దున మునగాకు, పెసలు పెట్టి దాన్ని బతికించుకున్నాను. మధ్యాహ్నం నేనే దానికి...

నేను నూరుతుండగా ఆయన ఎప్పుడో చూసి ఉంటారు. అడుగుల చప్పుడు నాకు వినబడదు కదా.

కుంకుమ వెళ్లినప్పటినుంచి ఆయన నేను వండింది ముట్టలేదు. అరటిపండ్లు తింటున్నారు, అవీ తొక్క చీలి లేనివి మాత్రమే. కొళాయికి నోరు పెట్టి నీళ్లు తాగుతున్నారు. చెంపలు లోపలికి పోయాయి. నేను గదిలోకి వెళితే గోడకు ఆనుకుని నిలబడతారు. ఆయన నన్ను చూసి భయపడుతున్నారు. ఆయన భయాన్ని చూసి నాకు భయం. నిన్న కత్తిపీట తీసి బీరువా వెనక దాచాను. నా భర్త ఇంట్లో ఉండగా కత్తిపీట దాచుకునే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఏం చేయాలో రాయి. త్వరగా రాయి.

పంకజ

చంద్రగిరి,
ఆగస్టు 17

పంకజా,

పోస్టు మీద నమ్మకం పెట్టుకోలేక రూపశ్రీకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. మీ ఊరికి వస్తూ దారిలో దిగి ఈ ఉత్తరం తీసుకుంటుంది.

ఇక ఒక్క మాత్ర కూడా నూరవద్దు. మనిషి అన్నం సగం తిని వదిలేసి, మాత్ర చాలావరకు లోపలికి పోతే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, తడబాటు, దారి తెలియకపోవడం, ఊరికే కోపం రావడం, అన్నీ దానివల్ల రావచ్చు. నువ్వు వయసు అనుకున్నదాంట్లో కొంత ఇదేనేమో. కొంత మాత్రమే కావచ్చు కూడా. అందుకే తిరుపతికి తీసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపించాలి. గ్లూకోజు పొట్లం రూపశ్రీకి ఇచ్చాను. చెమటలు పడితే నీళ్లలో కలిపి తాగించండి. ఆ పొట్లం కూడా ఆయన కళ్ల ముందే చింపండి.

అన్నిటికన్నా ముందు ఒక పని చెయ్యి. ఆయనకు నిజం చెప్పు. రూపశ్రీ పక్కన ఉండగా, ఎదురుగా నిలబడి, నీ నోటితో నువ్వే చెప్పు. కొడతారేమోనని భయపడతావని తెలుసు. అయినా చెప్పు. ఆయన కనిపెట్టిన నిజాన్ని నువ్వు అబద్ధమంటే ఇక ఎప్పటికీ నిన్ను నమ్మరు.

నీ గురించి అలా అనుకున్నందుకు నా మనసు మనసులో లేదు. అది తర్వాత మాట్లాడుకుందాం.

రెబెకా

చిత్తూరు,
సెప్టెంబర్ 2

రెబెకా,

తిరుపతిలో నువ్వు మాతో ఆసుపత్రికి వచ్చావు కాబట్టి అక్కడి సంగతి నీకు తెలుసు. అంతకుముందు ఇంట్లో ఏం జరిగిందో నీకు చెప్పలేదు. ఆయన పక్కనుండగా చెప్పలేకపోయాను.

రూపశ్రీ వచ్చిన పూట ఆయన మంచం మీద కూర్చుని అరటిపండు తొక్క తీస్తున్నారు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. రూపశ్రీ నా చేయి పట్టుకుంది.

"మీ కూరలో మాత్ర నూరి కలిపింది నేనే" అన్నాను.

ఆయన పండు పక్కన పెట్టారు. లేస్తారేమో, చేయి ఎత్తుతారేమో అని నా కళ్లు ఆయన చేతుల మీదే ఉన్నాయి. అందుకే మొదటి మాట పెదాల మీద చదవలేకపోయాను. రూపశ్రీ నా భుజం తట్టింది. ఆయన మళ్లీ అన్నారు.

"నిజంగా కలిపినావా?"

"కలిపినాను. షుగర్ మాత్ర. మీరు మింగడం లేదని."

"అయితే నేను కనిపెట్టింది నిజమే?"

"నిజమే."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చారు. ఏడుస్తూ మాట్లాడితే నాకు తెలియదు కదా, చేతులు తీయమని బతిమాలాను. తీసి, నా మొహంలో మొహం పెట్టి చెప్పారు. "నాకు మతి పోయిందనుకున్యా మే. దోవ మరిసిపోతా ఉండా. నేను తోలిన బస్సు నంబర్లు మరిసిపోతా ఉండా. నువ్వు మందు పెడతా ఉండావని అనుకునేది గూడా నా పిచ్చేనేమో అనుకున్యా. ఎవురితో సెప్పుకునేది? ఆ చిలకతోనే సెప్పుకున్యా."

ఇన్ని నెలలుగా నేను ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరం రెండు భయాలు పెట్టుకుని ఒకరికొకరం వడ్డించుకుంటున్నాం.

తర్వాత కుంకుమ ఎలా ఉందని అడిగారు. మాత్ర ముద్ద తిని పడిపోయిందని, ఇప్పుడు కోలుకుందని రూపశ్రీ చెప్పింది. ఆయన అరచేత్తో నుదురు కొట్టుకున్నారు. "సస్తే అది సస్తాదనే కదా పెడితి. నేనే దాన్ని సంపుతా ఉంటి" అన్నారు.

ఆ పూట రాగిసంగటి కెలికాను. ఆయన చూస్తుండగానే ఆయన కంచంలోంచి మొదట నేను తిన్నాను. ఆయన నా గొంతు కదలడం చూశారు. కాసేపు ఆగారు. నేను పడిపోతానేమోనని చూస్తున్నారని తెలుసు. నేను కదలకుండా కూర్చున్నాను. ఆ తర్వాత తిన్నారు, సంగటి ముద్ద మొత్తం.

ఇక డాక్టరు మాట. తడబాటులో కొంత షుగర్ పడిపోవడం వల్లే, అది తగ్గింది. కానీ మిగిలింది మతిమరుపు జబ్బేనని, ఇది మొదలేనని, పెరుగుతుందే గానీ తగ్గదని అన్నాడు. నువ్వు నా చేయి నొక్కావు, గుర్తుందా? ఆ నొక్కు లేకపోతే నేను అక్కడే కూలిపోయేదాన్ని.

నువ్వు నన్ను అనుమానించినందుకు నాకు కోపం లేదు. నువ్వు భయపడి చిలుకను పిలిపించుకోకపోతే నేను రేపు ఇంకొంచెం పవరున్న మాత్ర నూరేదాన్ని.

పంకజ

చంద్రగిరి,
అక్టోబర్ 19

పంకజా,

కుంకుమ తూకం పెరిగింది. రొమ్ము నిండా ఈకలు వచ్చేశాయి. రూతు దానికి పొద్దున గుమ్మడి, మునగాకు, మధ్యాహ్నం కొర్రన్నంలో పెసలు, సాయంత్రం గుప్పెడు దాణా అలవాటు చేసింది. పొద్దుతిరుగుడు గింజ ఇప్పుడు దానికి బహుమానం. చెప్పిన మాట వింటే ఒకటి, అంతే. మొన్న మిరపపండు ఇస్తే గింజలతో సహా నమిలింది. చిలుకలకు కారం తెలియదట, నాకు చూస్తుంటేనే కళ్లలో నీళ్లొచ్చాయి. నా కాఫీ గ్లాసు మీద మాత్రం దానికి ఇంకా ఆశ చావలేదు. గ్లాసు మీద పళ్లెం మూసుకుని తాగుతున్నాను.

ఆ పాత మాట ఈమధ్య అనడం లేదు. రూతు దానికి ప్రభువు పాట ఒకటి నేర్పుతోంది. సగం పాట, సగం కుక్కర్ ఈల పాడుతుంది.

కాలేయం బాగుపడింది, ఇక ఇంటికి పంపవచ్చని డాక్టరమ్మ అంది. అన్న రోజూ అడుగుతున్నారని రాశావు. తీసుకురానా? నీ ఇష్టం. నేను ఒక్కమాట కూడా అనను.

రెబెకా

చిత్తూరు,
నవంబర్ 6

రెబెకా,

చాలా రోజులు ఆలోచించి రాస్తున్నాను. కుంకుమను నీ దగ్గరే ఉంచుకో.

నాకు దాని మీద ప్రేమ లేక కాదు. పంజరం ఉన్నచోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంచాను, ఊడ్చేటప్పుడు అక్కడికి రాగానే చీపురు దానంతట అదే పక్కకు తిరుగుతుంది. కానీ ఆయనకు కొన్నిరోజులు బాగుంటుంది, కొన్నిరోజులు బాగుండదు. బాగులేని రోజు ఆయనకు మళ్లీ అనుమానం వస్తుంది. ఆ రోజు కంచంలోది దానికి పెడితే నాకు ఎలా తెలుస్తుంది? నాకు వెన్ను తిప్పి ఏమంటారో నాకు వినబడదు. మునగాకూ పెసలూ పెట్టి పెంచుకున్న ప్రాణిని మళ్లీ ఆ ముద్దకు ఎదురుగా కూర్చోబెట్టలేను. ఆయనకు బాగున్న రోజు చూసి అడిగాను. "ఆడనే ఉండనీ మే. నా మీద నాకే నమ్మకం ల్యా" అన్నారు. పండు పెట్టడానికి నెలకోసారి మీ ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రూతు ఇచ్చిన ముక్క తప్ప ఇంకేదీ పెట్టనని కూడా అన్నారు.

ఇప్పుడు మాత్ర నూరడం లేదు. అట్టలోంచి ఆయన కళ్ల ముందే తీసి అరచేతిలో పెడతాను. ఎక్కువ రోజులు మింగుతారు. మింగని రోజు ఒత్తిడి చేయవద్దని డాక్టరు చెప్పాడు, చేయను. ఆ రోజంతా ఆయన కాళ్ల వైపే చూస్తూ గడుపుతాను.

భయం పోయిందని రాయలేను. పొద్దున నిద్ర లేచాక ఆయన నన్ను చూసే మొదటి చూపు కోసం రోజూ ఎదురుచూస్తాను. ఏ రోజు ఏ చూపు వస్తుందో తెలియదు.

ఈరోజు టిఫిను తిన్నాక మాత్ర అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. ఆ చూపులో నేను లేను.

"ఎవురిచ్చినారు ఇది?"

"నేనే."

"నువ్వెవురు?"

ఇన్నాళ్లూ ఈ మాట ఎప్పుడు వస్తుందోనని భయపడుతూనే ఉన్నాను రెబెకా. వచ్చేసింది.

"పంకజాక్షిని" అన్నాను.

ఆయన వంటింటి వైపు చూశారు, అక్కడ ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు. తర్వాత మాత్రను వేళ్లతో పైకెత్తి వెలుతురులో తిప్పి చూశారు.

"పంకజాక్షి ఇచ్చి పంపించిందా?" అన్నారు. "ఆమె ఇచ్చిందంటే పర్వాల్యా. నీళ్లు ఇయ్యి."

మింగారు. గ్లాసు నా చేతికి తిరిగి ఇస్తూ, కొత్తవాళ్లతో మాట్లాడినట్టు, "నీ పేరేందమ్మా?" అని అడిగారు.

పంకజ